దినమునకు ఒక మాట



శ్రమకాలము రాగానే మన సంఘములలో మొదట వినబడే ప్రశ్న ఏమిటి? "ఈ నలుబది దినములు మీరేమి మానేస్తున్నారు?" అని. కొందరు మాంసము మానుతారు, కొందరు టీ మానుతారు, కొందరు ఒక పూట భోజనము మానుతారు. ఈ మధ్య యౌవనస్థులు కొందరు సెల్‌ఫోను మానుతామని తీర్మానము చేసుకొంటున్నారు. మంచిదే. ఉపవాసమును నేను తక్కువ చేయడము లేదు. అయితే మనము అంతగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఈ నలుబది దినములలో మీరు ఏమి చేస్తున్నారు? మీ చేతితో, మీ నోటితో, మీ సొంత మాటలతో దేవుని సన్నిధిలో ఏమి పెట్టబోతున్నారు?

ఎందుకు అడుగుతున్నానంటే, మన శ్రమకాల కూడికలను ఒకసారి గమనించండి. ప్రసంగీకులు ప్రసంగిస్తారు. పాటలు వచ్చినవారు పాడతారు. మిగిలినవారందరు చాప మీద కూర్చుండి వింటారు. మంచి శుక్రవారము వచ్చేసరికి ఒక విశ్వాసి నలుబది ప్రసంగములు వినియుండవచ్చు, కాని తన మట్టుకు తాను ఒక్క మాటైనా పలికియుండడు. విన్నది ఏమైనదో అతనికే తెలియదు. ఇక మేడ్చల్ పారిశ్రామిక వాడలోను, శామీర్‌పేట దాటిన తరువాత తుర్కపల్లి వైపు మందుల కంపెనీలలోను షిఫ్టులలో పనిచేసే సహోదరులున్నారు, సహోదరీలున్నారు. సాయంకాల కూడిక మొదలయ్యే వేళకు వారు కంపెనీ బస్సు ఎక్కుతారు. వారికి ఆ వినే భాగ్యము కూడా లేదు. మరి వారికి శ్రమకాలము లేదా?

అటువంటివారికి, అలాగే నలుబది సంవత్సరములుగా వింటూ వచ్చిన మనకు కూడా, ఉపయోగపడే ఒక పద్ధతిని గూర్చి ఈ నెల వివరించాలని ఆశపడుతున్నాను. పద్ధతి చాలా చిన్నది. దినమునకు ఒక మాట. వాక్యభాగము మొత్తము కాదు, ఒక్క మాట. "రాయి" అనుకోండి, "నీళ్లు" అనుకోండి. ఉదయము ఆ మాటను తీసుకొంటారు. పగలంతా అది మీతో కూడ వస్తుంది. రాత్రి పడుకొనేలోగా ఆ మాటను బట్టి ఏదో ఒకటి చేస్తారు. నాలుగు పంక్తులు వ్రాయవచ్చు, బొమ్మ గీయవచ్చు, ఒక ఫొటో తీయవచ్చు, ఒక పల్లవి కట్టవచ్చు. అంతే.

ఇది ఎక్కడనుండి వచ్చినదని అడిగేవారుంటారు. ఇటీవలి కాలములో అమెరికా దేశపు యునైటెడ్ మెథడిస్టు సంఘమువారు శ్రమకాలములో దినమునకొక మాట ఇచ్చి, దానికి తగిన ఫొటో తీయమని విశ్వాసులను ప్రోత్సహించారు. 2014లో అక్కడి ఎపిస్కోపల్ సంఘమునకు చెందిన సెయింట్ జాన్ సువార్తికుని సహోదర సమాజమువారు ఆగమనకాలమునకు ఇటువంటిదే ప్రారంభించారు. వీటికంటె ఎంతో ముందు, 1728 మే 3న, జర్మనీలోని హెర్న్‌హూట్ అనే గ్రామములో జిన్‌జెండార్ఫ్ ప్రభువు మొరేవియను విశ్వాసులకు ఆ దినమునకని ఒక చిన్న వాక్యమును ఇచ్చి, దానిని ఇంటింటికి చేర్చే వాడుక ఆరంభించాడు. దానికి వారు పెట్టిన పేరునకు కావలివారు రాత్రివేళ ఒకరినొకరు గుర్తుపట్టే సంకేతపదము అని అర్థము. 1731 నుండి అది ఏటేటా పుస్తకముగా అచ్చవుతూ, నేడు యాభైకి పైగా భాషలలో వస్తున్నది.

అయితే ఇది పడమటివారి దగ్గర నేర్చుకోవలసిన విద్య అని మాత్రము అనుకోకండి. తెలుగువారికి దత్తపది తెలియదా? అవధానములో పృచ్ఛకుడు లేచి, ఒకదానికొకటి పొందిక లేని నాలుగు పదములు ఇస్తాడు, ఒక విషయము ఇస్తాడు. ఆ నాలుగు పదములు వచ్చేటట్లు ఆ విషయము మీద అవధాని పద్యము చెప్పాలి. ఇచ్చిన మాట అడ్డముగా నిలబడుతుంది గనుకనే, దానిని దాటడానికి కవి మనస్సు తాను మామూలుగా వెళ్లని దారిలోకి వెళ్తుంది. ఈ పద్ధతిలోని కిటుకు కూడ అదే. "ప్రభువా, నీకు స్తోత్రము" అని వ్రాయమంటే మనమందరము ఒకేలాగు వ్రాస్తాము. "తాళపుచెవి" అనే మాట ఇచ్చి వ్రాయమంటే ఎవరి ఇంటి తలుపు వారికి గుర్తుకు వస్తుంది.

బైబిలులో కూడ ఈ క్రమశిక్షణ ఉన్నది. 119వ కీర్తన తెరచి చూడండి. ఆలెఫ్, బేత్, గీమెల్ అని ప్రతి భాగము మీద ఒక పేరు ఉంటుంది. అవి హెబ్రీ అక్షరములు. ఇరువది రెండు అక్షరములు, ఒక్కొక్క అక్షరమునకు ఎనిమిది వచనములు, మొత్తము 176. ఆ భాగములోని ప్రతి వచనము ఆ అక్షరముతోనే మొదలు కావాలి. కీర్తనకారుడు తన చేతులు తానే కట్టుకొని వ్రాశాడన్నమాట. విలాపవాక్యములలో మొదటి నాలుగు అధ్యాయములు కూడ అలాగే అక్షరక్రమములో నడుస్తాయి. పట్టణము కాలిపోయి, పిల్లలు ఆకలితో వీధులలో పడిపోయిన దుఃఖమును అతడు అక్షరము వెంబడి అక్షరముగా చెప్పుకొన్నాడు. అంత పెద్ద దుఃఖమునకు పట్టుకోవడానికి ఒక ఊతకర్ర కావలసివచ్చినదేమో.

ఇక మంచి శుక్రవారము మధ్యాహ్నము మనము చేసే ఏడు మాటల ఆరాధన కూడ ఈ కోవలోనిదే. 17వ శతాబ్దము చివర పెరూ దేశములోని లీమా పట్టణములో అలోన్సో మెస్సియా అనే యేసుసభ గురువు ఆరంభించిన మూడు గంటల ధ్యానము అది. అక్కడనుండి బయలుదేరి, సంఘభేదములు దాటి, మన పల్లె గుడుల వరకు వచ్చినది. ఆ ఒక్క మధ్యాహ్నము చేసేదానిని నలుబది దినములకు పంచుకొంటున్నామని అనుకోండి.

ఇప్పుడు మాటలను ఎలాగు ఏర్పరచుకోవాలి? ఇక్కడ చాలామంది తొందరపడతారు. రక్షణ, కృప, నీతి, పరిశుద్ధత అని పెద్ద మాటలు వ్రాస్తారు. నా అభిప్రాయములో అవి ఈ పనికి సరిపడవు. అవి గొప్ప మాటలే, కాని వాటిని విన్న వెంటనే మనకు విన్న ప్రసంగములే జ్ఞాపకము వస్తాయి. చేతితో ముట్టుకోగలిగిన మాటలు తీసుకోండి. శ్రమల కథ నిండ ఇటువంటివే ఉన్నాయి. తువాలు, పళ్లెము, రొట్టె, గిన్నె, వెండి నాణెములు, కోడి, ముల్లు, వస్త్రము, తెర, నార బట్ట. మన్ను అనే మాటతో భస్మ బుధవారము మొదలుపెట్టండి. ఆ బుధవారమునుండి ఈస్టరు ముందటి శనివారము వరకు నలుబది ఆరు దినములు. అందులో ఆరు ఆదివారములు తీసివేస్తే నలుబది. ఆదివారములు పునరుత్థాన దినములు గనుక వాటిని లెక్కించరు. 2027లో భస్మ బుధవారము ఫిబ్రవరి 10, ఈస్టరు మార్చి 28. శ్రమకాలము పాటించని సంఘములవారు కూడ మన పాఠకులలో ఉన్నారని నాకు తెలుసు. మీరు ఏ నలుబది దినములు తీసుకొన్నా అభ్యంతరము లేదు.

ఒక మాటను తీసుకొని కొంచెము దూరము నడిచి చూద్దాము. యోహాను 15వ అధ్యాయములోని "తీగె".

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో యాభై ఏండ్లు దాటినవారికి ఈ మాట వినగానే కన్నుల ముందు పందిరి కనబడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఒకప్పుడు పేరుపొందినవి. అనాబ్-ఎ-షాహి అనే లేత పసుపుపచ్చ పొడుగు పండు ఈ నగరములో అబ్దుల్ బాఖర్ ఖాన్ పరిచయము చేసిన రకము. నాగపూరు రోడ్డు పొడుగునా, కరీంనగరు రోడ్డు పొడుగునా ఆ పందిళ్లు ఉండేవి. నీళ్లు తగ్గాయి, కూలీలు దొరకలేదు, భూమి ధర పెరిగినది. తోటలు చాలావరకు ప్లాట్లు అయ్యాయి. ఇప్పుడు అదే మట్టి మీద కట్టిన అపార్టుమెంటులో పెరిగే బిడ్డకు ద్రాక్ష అంటే బండి మీద అమ్మే పండు. తీగె ఎలాగుంటుందో ఆ బిడ్డ చూడలేదు. యేసుప్రభువు తాను ఎవరో చెప్పుకోవడానికి వాడుకొన్న వస్తువు మన బిడ్డల కన్నులకు దూరమైనది. ఇది చిన్న నష్టము కాదని నేను అనుకొంటాను.

గనుక ఆ దినమున ఏమి చేయాలి? ఇంటిలో పెద్దవారిని అడగండి. ఒకప్పుడు తోట పని చేసిన తాత ఉంటే ఆయన దగ్గర బిడ్డను కూర్చోబెట్టండి. ఆయన చెప్పే సంగతి వినండి. మన ప్రాంతములో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. పండు ఫిబ్రవరి, మార్చి నెలలలో కోతకు వస్తుంది, అంటే శ్రమకాలపు దినములలోనే. కోత అయిన తరువాత ఏప్రిల్‌లో, ఎండలు ముదిరే వేళ, పందిరి మీద అల్లుకొన్న తీగెలన్నిటిని ఒకటి రెండు కణుపులు మాత్రము ఉంచి కోసివేస్తారు. తోట బోడి అయిపోతుంది. తెలియనివారు చూస్తే తోట పాడుచేశారని అనుకొంటారు. అక్కడనుండి కొత్త రెమ్మలు వస్తాయి. ఆ రెమ్మల మొగ్గలలో, తలమాడే ఎండలోనే, వచ్చే పంటకు గుత్తి కట్టే శక్తి ఏర్పడుతుంది. ఆ వారములలో ఎండ చాలకపోతే మొగ్గ ఆకు మాత్రమే వేస్తుంది. తరువాత అక్టోబరులో మళ్లీ కత్తిరిస్తే గుత్తులు బయటకు వస్తాయి. అక్టోబరు కత్తిరింపు పండును చూపిస్తుంది, కాని ఆ పండు సంగతి మే నెలలోనే తేలిపోయి ఉంటుంది.

ఇది విన్న తరువాత యోహాను 15:2, 3 వచనములు మళ్లీ చదవండి. గ్రీకు భాషలో తీగెను కత్తిరించడమునకు వాడిన క్రియకు, మరుసటి వచనములో శిష్యులు శుద్ధులైయున్నారని చెప్పిన మాటకు మూలము ఒక్కటే. ఈ సంగతి పండితులు ప్రసంగములో చెబితే మనము తల ఊపుతాము. తాత చెప్పిన తోట విన్న తరువాత చదివితే, కత్తెర మన చేతికి తగులుతుంది. ఆ రాత్రి మీరు ఏమి వ్రాస్తారో, మీలో ఏది కోయబడినదో, అది మీకే తెలుసు. దానికి వెంటనే మంచి ముగింపు వెదకవద్దు. ఏప్రిల్‌లో కోసిన తీగె మరునాడే గుత్తి వేయదు.

ఇంకొక మాట: "కుండ". సమరయ స్త్రీ బావి దగ్గర తన కుండ విడిచిపెట్టి ఊరిలోనికి వెళ్లినదని యోహాను 4:28లో ఉన్నది. వేసవిలో నీళ్ల ట్యాంకరు కోసము బిందెలు వరుస పెట్టే వీధిలోని ఒక తల్లి ఆ రాత్రి ఇలాగు వ్రాయవచ్చు:

ట్యాంకరు వచ్చిందని ఉరికినాను, బిందె నిండింది.
ఆమె కుండ అక్కడనే వదిలి ఊర్లోకి ఉరికింది.
నా చెయ్యి బిందెను వదులుతలేదు ప్రభువా,
రేపు నీళ్లు రావేమోనని.

ఇందులో ప్రాస లేదు, యతి లేదు. బైబిలు భాష కూడ కాదు, ఇంటిలో మాట్లాడుకొనే మాట. కాని ఆమె కుండను చూచినది, తన చేతిని చూచినది, చూచినది దాచకుండ చెప్పినది. ఇంతకంటె ఏమి కావాలి? మన పెద్దలు కూడ ఉన్న మాటలతోనే కట్టారు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తు కథను తెలుగు కీర్తన బాణీలోనికి తెచ్చారు గనుకనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆయన పాటలు నేటికీ పాడుకొంటున్నాము. గుర్రం జాషువగారు క్రీస్తు చరిత్రను పద్యములో వ్రాసినప్పుడు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ దానికి బహుమానము ఇచ్చినది. అంతటివారము కానవసరము లేదు. చదువు రాని అవ్వ నాట్లు వేసేటప్పుడు పదము అల్లుతుంది కదా, అదే నోటితో ఆ మాట మీద ఒక చరణము అల్లవచ్చు. మనవరాలు వ్రాసి పెడుతుంది.

కొన్ని మాటలకు అర్థమే తెలియదు. "చిరక" అంటే ఏమిటో మీ ఆదివారపు బడి పిల్లలను అడగండి. సిలువ మీద ప్రభువుకు అందించినది అది (యోహాను 19:29). పులిసిన ద్రాక్షారసము. గెత్సెమనే అనే పేరునకు నూనె గానుగ అని అర్థము. గానుగ ఎలాగు తిరుగుతుందో చూచినవారు మీ సంఘములో ఎందరున్నారు? తెలియని మాటే ఆ దినమునకు మంచి పని పెడుతుంది.

కొన్ని మాటలు రెండు చోట్ల కనబడి మనలను ఆపివేస్తాయి. బొగ్గుల మంట చూడండి. ప్రధాన యాజకుని ముంగిటిలో చలికి మంట వేశారు, అక్కడ నిలబడి పేతురు బొంకాడు (యోహాను 18:18). తరువాత తిబెరియ సముద్రతీరమున ప్రభువు చేపలు కాల్చి శిష్యులను పిలిచినప్పుడు కూడ అక్కడ ఉన్నది బొగ్గుల మంటే (21:9). ఆ గ్రీకు మాట క్రొత్త నిబంధన మొత్తములో ఈ రెండు చోట్లనే ఉన్నది. ఫిబ్రవరి తెల్లవారుజామున చలి కాచుకొనే మంట దగ్గర మీరు కూర్చుండినప్పుడు, పేతురు ఆ పొగ వాసనకు ఏమనుకొన్నాడో ఆలోచించండి. సెల్‌ఫోనులోని బైబిలులో మాటను వెదికితే ఇటువంటివి దొరుకుతాయి. అయితే ఒక హెచ్చరిక. మాట దొరికిన ప్రతి చోట ఒకే అర్థము అంటించకండి. శోధనలో అపవాది రొట్టెగా మార్చమన్న రాయి వేరు, సమాధి ద్వారము దగ్గర స్త్రీలను కలవరపెట్టిన రాయి వేరు. చుట్టూ ఉన్న వచనములు చదవకుండ మాటను మాత్రమే పట్టుకొంటే అది మన ఇష్టము వచ్చినట్లు పలుకుతుంది.

చీటీలు వేసి తీయవచ్చా అని కొందరు అడుగుతారు. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు తీసుకొనే అలవాటు మనకున్నది గనుక ఆ ప్రశ్న సహజమే. తీయవచ్చు, కాని ఇది వాగ్దానము కాదు. "ముల్లు" అని వస్తే ఈ రోజు నాకేదో కీడు రాబోతున్నదని భయపడకూడదు. ఆ మాట మీ రేపటిని చెప్పడానికి రాలేదు. నన్నడిగితే, చీటీలకంటె ముందుగానే నలుబది మాటల పట్టిక వ్రాసి సంఘమంతటికి ఇవ్వడము మేలు. అప్పుడు రాత్రి షిఫ్టులో ఉన్న సహోదరునికి, ఇంటిలో ఉన్న అతని తల్లికి, హాస్టలులో ఉన్న అతని చెల్లెలికి ఆ దినమున ఒకే మాట ఉంటుంది. కూడికకు రాలేనివాడు కూడ ఆ మాటలో కూడుకొంటాడు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటె విలువగా కనబడేది ఇదే.

మరి చేసినదానిని అందరికి చూపించాలా? ఇక్కడ మత్తయి 6వ అధ్యాయము జ్ఞాపకము చేసుకోవాలి. ఉపవాసము చేయువాడు ముఖము వికారము చేసుకొని వీధిలో తిరుగకూడదని ప్రభువు చెప్పాడు. ప్రతి ఉదయము వాట్సాప్ గుంపులో ఫొటో పెట్టి, ఎందరు మెచ్చుకొన్నారో సాయంత్రము వరకు చూచుకొనేవాడు ఏమి చేస్తున్నట్లు? వారమునకు ఒకసారి, ఇష్టమున్నవారు ఒక్కటి చదివి వినిపిస్తే చాలు. విన్నవారు దిద్దకూడదు, మార్కులు వేయకూడదు, దాని మీద ప్రసంగము మొదలుపెట్టకూడదు. పాస్టరుగారు కూడ. ముఖ్యముగా పాస్టరుగారు. కొందరు వ్రాసినది ఎవరికీ చూపించరు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి "నార బట్ట" అనే మాట వచ్చిన దినము ఆమె పుట ఖాళీగా ఉండవచ్చు, లేక కన్నీళ్లతో నిండి ఉండవచ్చు. అడగవద్దు.

"వెలుగు" అనే మాట వచ్చిన శనివారము వీలైతే మెదకు వెళ్లి రండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయములో ప్రభువు జన్మము, సిలువ, ఆరోహణము చూపే మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. బయట పొద్దు ఉన్నంతసేపే అవి లోపల కనబడతాయి. చీకటిపడితే లోపల ఎన్ని దీపములు వెలిగించినా ఆ బొమ్మలు పలుకవు. సిలువ కిటికీ ముందు ఏమీ వ్రాయకుండ అరగంట కూర్చోండి.

పరిశుద్ధ వారము వచ్చినప్పుడు మాటలు తగ్గించండి. మట్టల ఆదివారము "మట్ట". మన దగ్గర అది ఈతమట్ట, దాని ముల్లు పిల్లల చేతికి గుచ్చుకొంటుంది, అది కూడ వ్రాయవచ్చు. గురువారము "తువాలు". శుక్రవారమునకు ఏడు మాటలు ఉండనే ఉన్నాయి, కొత్తది అక్కరలేదు. శనివారమునకు పట్టికలో మాట వ్రాయవద్దు. తేదీ వేసి ఎదురుగా ఖాళీ ఉంచండి. ప్రభువు సమాధిలో ఉన్న దినమున సువార్తలు కూడ దాదాపు మౌనముగానే ఉన్నాయి. విశ్రాంతిదినమున స్త్రీలు తీరికగా ఉండిరని మాత్రము లూకా చెబుతాడు (23:56).

ఆదివారము తెల్లవారకముందే క్రొవ్వొత్తులు తీసుకొని మీరు సమాధుల దగ్గరకు వెళ్తారు కదా. ఆ దినమునకు మాట "తోట". యోహాను 19:41 చదువుకొని వెళ్లండి, 20:15 అక్కడ నిలబడి చదవండి. మగ్దలేనే మరియ ఆయనను చూచి ఎవరనుకొన్నదో గమనించండి. నోటుపుస్తకములో ఆఖరి పుట ఆ మాటకు ఉంచండి.